నేను కొలిచిన క్రాంకు షాఫ్టు

ఆస్తి పంపకాల్లో మా ఆయన వాటాకు లారీ వచ్చింది. పొలం పెద్ద బావగారికి, రైసుమిల్లు పక్కన ఉన్న స్థలం చిన్న బావగారికి పోగా, పెరట్లో గడ్డివాము పక్కన ఆరేళ్ళుగా కదలకుండా పడి ఉన్న ఆ బండి మాకు మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన రకం. పొడుగాటి ముక్కు, చెక్క క్యాబిను, పెట్రోలు ఇంజను. ఒకప్పుడు మామగారు దానిమీద ధాన్యం తోలేవారట. నేను కాపురానికి వచ్చేసరికి దాని బానెట్టు కింద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

మా ఆయన అప్పటికి పదేళ్ళుగా ఇతరుల లారీలు నడుపుతున్నారు. పంపకాలైన రోజు సాయంత్రం బండి చుట్టూ తిరిగి, చాసిస్‌ని సుత్తితో అక్కడక్కడా కొట్టి చూసి, లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కున్నారు.

"ఇనుము గట్టిగానే ఉంది. పెట్రోలు ఇంజను పీకేసి డీజిలు ఇంజను పెడతాను," అన్నారు.

"ఎక్కడ?"

"ఇక్కడే. ఇంట్లోనే."

ఇది తొంభైల మధ్యలో, పామర్రులో. నేను ఊళ్ళోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. వేసవి సెలవులు అప్పుడే మొదలయ్యాయి.

విజయవాడ ఆటోనగర్‌లో పాత బస్సులు విప్పి అమ్మే ఒకతని దగ్గర ఆరు సిలిండర్ల ఇంజను, దాని గేరుబాక్సుతో సహా దొరికింది. ట్రాక్టరు ట్రక్కులో తెచ్చి పెరట్లో దించారు. దాన్ని చూస్తే ఇంజను అనిపించలేదు. మట్టి, ఆయిలు కలిసి గడ్డకట్టిన నల్లటి దిమ్మె. మా అత్తగారు వసారాలో నుంచి చూసి, "దీనికోసమా ఇంత గొడవ?" అన్నారు.

పనికి ఒప్పుకున్నది విజయవాడ వన్‌టౌన్‌లో ఉండే ఒక పెద్ద మెకానిక్. అందరూ ఆయన్ని బాయిగారు అనేవారు. మా ఆయన క్లీనరుగా ఉన్న రోజుల నుంచి ఎరుగుదురు. వయసు డెబ్బైకి దగ్గర పడి, షెడ్డు మూసేసి ఇంట్లో ఉంటున్న మనిషి. శుక్రవారం తప్ప రోజూ పొద్దున బందరు బస్సెక్కి వచ్చేవారు, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవారు. వచ్చిన మొదటిరోజే ఉన్న సంగతి చెప్పారు.

"అమ్మా, నాకు కళ్ళల్లో పొర వచ్చింది. బోల్టు కనపడుద్ది, నట్టు కనపడుద్ది, గీతలు కనపడవు. చెయ్యి మాత్రం బాగానే ఉంది. కొలతలు చదివే మనిషి ఒకరు కావాలి."

మా ఆయన నావైపు చూశారు. బందరు కాలేజీలో నేను బీఎస్సీ ఫిజిక్సు చదివాను. ల్యాబులో స్క్రూ గేజి, వెర్నియరు వాడినదాన్నే. "నేను చదువుతానండీ," అన్నాను.

ఆ నెల మా ఇల్లంతా కిరసనాయిలు వాసన. ఆవకాయ ముక్కలు కలపడానికి కొన్న వెడల్పాటి టబ్బులో బాయిగారు పిస్టన్లు నానబెట్టారు. మా అత్తగారు రెండురోజులు మాట్లాడలేదు. తర్వాత పక్కింటి టబ్బు అడిగి తెచ్చి ఆవకాయ కలిపి, తన పాత నేత చీరలు రెండు చింపి ఇంజను తుడవడానికి ఇచ్చారు. తిట్టుకుంటూనే ఇచ్చారు. నేను ఒక్కో భాగం కడిగి గోనెపట్టా మీద వరసగా పెట్టి, ట్యూషన్ల కోసం కొన్న నోటుబుక్కులో ఏది ఎక్కణ్ణించి వచ్చిందో రాసుకునేదాన్ని. మెత్తటి బూడిదరంగు ఇనుము కొద్దికొద్దిగా బయటపడుతుంటే చేతులకు పని ఆపాలనిపించేది కాదు.

క్రాంకు షాఫ్టు అరిగిపోయిందని తేలింది. పిస్టన్ల కిందామీదా కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే బరువైన కడ్డీ అది. దాని మీద ఉన్న గుండ్రటి మెడలు బేరింగుల మధ్య తిరుగుతాయి. మెడలు అరిగితే వాటిని సానపట్టించి, అంతమేరకు మందంగా ఉన్న బేరింగులు వెయ్యాలి. ఆటోనగర్‌లో ఒక షాపులో సానపట్టించి తెచ్చారు. బాయిగారు మందం కొలిచే తన మైక్రోమీటరు చెక్కపెట్టెలోనుంచి తీసి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చారు.

నాలుగో మెడ దగ్గర నాకు ఉండాల్సినదానికంటే అర మిల్లీమీటరు ఎక్కువ వచ్చింది. మళ్ళీ కొలిచాను. అంతే వచ్చింది. చెప్పాను. బాయిగారు ఆ మెడ చుట్టూ బొటనవేలు, చూపుడువేలు పట్టి తిప్పారు.

"నాకైతే తేడా తెలవటం లేదమ్మా. నువ్వు చదువుకున్నదానివి. సరే, పట్టుకెళ్ళి చూపించండి."

మనిషంత బరువున్న షాఫ్టును గోనెసంచుల్లో చుట్టి, బస్సు వెనక సీటు కింద పెట్టుకుని మేమిద్దరం వెళ్ళాం. షాపులో మిషను దగ్గరున్నతను నాలుగో మెడను ఒక్కసారి కొలిచి నవ్వాడు.

"టీచరుగారూ, ఇది కాలేజీలో గేజీ కాదండీ. అక్కడ మర తల ఒక చుట్టు తిరిగితే మిల్లీమీటరు. దీనికి అర మిల్లీమీటరే. ఈ అంచు దగ్గర గీత సగం కనపడితే దాన్ని లెక్కలో వేసుకోకూడదండీ. మీరు వేసేసుకున్నారు."

షాపులో మరో నలుగురున్నారు. వాళ్ళూ నవ్వారు. ఎవరూ చెడ్డగా నవ్వలేదు. మా ఆయన కూడా కొంచెం నవ్వారు. తిరుగు బస్సులో ఉయ్యూరు దాకా నేను కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పిస్టన్లకు చెందిన ఆరు మెడలూ మొదటినుంచి కొలిచాను. ఈసారి ఒక్కోదాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఐదు సరిగ్గా ఉన్నాయి. ఆరో పిస్టనుకు చెందిన మెడ నిలువుగా ఒక లెక్క, అడ్డంగా ఇంకో లెక్క చూపించింది. మిల్లీమీటరులో వందో వంతులు ఆరు తేడా. అంటే అది గుండ్రంగా లేదు, కోలగా ఉంది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అదే. అంకెలు నోటుబుక్కులో రాశాను.

"ఎట్టా ఉందమ్మా?" అన్నారు బాయిగారు.

"బాగానే ఉందండీ," అన్నాను.

అంతకుముందు నాలుగో మెడ దగ్గరా నేను రెండుసార్లు కొలిచాను, రెండుసార్లూ ఒకటే వచ్చింది, అయినా తప్పే అయింది. ఇది కూడా అలాంటిదే అయి ఉంటుందనుకున్నాను. అది సగం కారణం. మిగతా సగం ఏమిటంటే, ఆ షాఫ్టుతో ఆ షాపులోకి మళ్ళీ అడుగుపెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇంజను బిగింపు వారం రోజులు పట్టింది. చేతిబోర్లు వేసేవాళ్ళ దగ్గర మూడుకాళ్ళ స్టాండు, గొలుసు కప్పీ తెచ్చి ఇంజన్ని పైకి లేపారు. కొత్త ఇంజను పాతదానికంటే జానెడు పొడుగు. రేడియేటరు ముందుకు జరిపి, క్యాబిను ముందు రేకు కొంత కోసి, ఇంజను కూర్చునే పట్టీలు కొత్తగా వెల్డింగు చేయించారు. స్టార్టు చేసిన రోజు వీధివాళ్ళంతా వచ్చారు. డీజిలు గొట్టాల్లో గాలి తీసి, మా ఆయన తాళం తిప్పారు. రెండుసార్లు దగ్గి, మూడోసారి ఒక్కసారిగా అందుకుంది. తెల్లటి పొగ పెరడంతా కమ్మేసింది. పక్కింటి గేదె పలుపు తెంపుకుని కాలవ గట్టు మీదికి పరుగెత్తింది. బాయిగారు పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి తల ఊపారు. మా ఆయన బాయిగారి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు.

ఆర్టీవో ఆఫీసు బ్రేకిన్‌స్పెక్టరు కాగితాల్లో ఇంజను నంబరు మార్చడానికి బండి చూడాలన్నాడు. బానెట్టు ఎత్తి చూసి, "ఏ షెడ్డులో చేయించారు?" అని అడిగాడు.

"ఇంట్లోనండీ," అన్నారు మా ఆయన.

"ఇంట్లోనా?" అని అతను బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు.

బండి తిరగసాగింది. గుడివాడ అవతల చేపల చెరువులకు తవుడు బస్తాలు తోలడం పని. మా ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా బట్టల నిండా తవుడు వాసన. నాకు బడి మొదలైంది. ఆరో మెడ సంగతి మెల్లగా మర్చిపోయాను అనడం నిజం కాదు. బండి పెరట్లోకి వచ్చిన ప్రతిసారీ ఇంజను ఆపేదాకా వింటూ నిలబడేదాన్ని.

వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం వీధి చివరి ఎస్టీడీ బూతు ఆవిడ బడికి కబురు పంపింది. మా ఆయన ఫోను చేశారు. గుడివాడ రోడ్డు మీద ఇంజను కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైందట, ఆయిలు ప్రెషరు పడిపోయిందట. వెంటనే ఆపేశారు. ట్రాక్టరుతో లాక్కుని వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

మర్నాడు బాయిగారు వచ్చి ఇంజను అడుగున ఉండే ఆయిలు పళ్ళెం విప్పారు. ఆరో బేరింగు తీసి అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో రాశారు. పైపూత పోయి రాగి తేలింది. మెడ మీద లోతుగా గాట్లు పడ్డాయి. ఆయన చాపమీద కూర్చున్నారు. తర్వాత పానాలు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేయసాగారు.

"నా బిగింపే తేడా వచ్చింది. ఈ చెయ్యి ఇన్నాళ్ళూ నన్ను మోసం చెయ్యలా. ఇప్పుడు చేసింది," అన్నారు మా ఆయనతో. "ఇంకో మనిషిని చూసుకో నాయనా. నేను ఇంక పానా పట్టను."

మా ఆయన ఏదో సర్దిచెబుతున్నారు. నేను లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ తీశాను. ఆయనకు అంకెలు కనపడవని అప్పుడు గుర్తొచ్చింది. పైకి చదివాను.

"ఆరోది కోలగా వచ్చిందండీ. ఆరోజే వచ్చింది. నేను చెప్పలేదు."

"ఎందుకని?"

"మళ్ళీ తప్పు చదివానేమో అనుకున్నాను. షాపులో నవ్వారు గదండీ."

మా ఆయన లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. బాయిగారు కోపంగానే చూశారు. అంతకుముందు నామీద ఆయన ఎప్పుడూ కోపపడలేదు.

"అనుమానంగా ఉందంటే అయిపోయేది గదమ్మా. ఇంకోసారి చూసేవాళ్ళం. నాకు కళ్ళు లేవని గదా నిన్ను పెట్టుకుంది! నువ్వే దాచిపెడితే నేనేం చేసేది?"

నేను తప్పయిపోయిందన్నాను. ఆయన మంచినీళ్ళు అడిగారు. తెచ్చిచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, సంచిలో వేసిన పానాలు మళ్ళీ బయటికి తీశారు.

"అయితే చేతిది కాదన్నమాట," అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

ఆ ఆదివారం షాఫ్టుతో పాటు నేనూ ఆటోనగర్ వెళ్ళాను. మా ఆయన బస్సులో నా పక్కనే కూర్చున్నారు కానీ మాట్లాడలేదు. షాపతను నా మాట ఒప్పుకోలేదు. "అప్పుడు సరిగ్గానే చేశామండీ. మీ మెకానిక్ బిగించడంలో తేడా వచ్చుంటది," అన్నాడు. రుజువు చేయడానికి ఏమీ లేదు. గాట్లు పడిన మెడ అంతకుముందు కోలగా ఉందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. నా నోటుబుక్కు ఒక్కటే సాక్షి, దాన్లోనే నాలుగో మెడ తప్పు లెక్క కూడా ఉంది. అతను సానపట్టినంతసేపూ మిషను పక్కనే నిలబడ్డాను. అయ్యాక, "నిలువుగా, అడ్డంగా రెండువైపులా కొలవండి," అన్నాను. కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. షాఫ్టును మళ్ళీ మిషనుకెక్కించి సానరాయిని సరిచేసుకున్నాడు. రెండోసారి తీసినప్పుడు రెండువైపులా ఒకటే వచ్చింది. ఈసారి మైక్రోమీటరు నా చేతికిచ్చి, "మీరూ చూసుకోండి మేడమ్," అన్నాడు.

తిరుగు బస్సులో కంకిపాడు దాటాక మా ఆయన మాట్లాడారు. "ఆరోజు నాతోనైనా చెప్పి ఉండాల్సింది," అన్నారు. చెప్పి ఉండాల్సిందేనన్నాను. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఆయన ఎత్తకపోవడం కొన్నాళ్ళు బరువుగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

ఆ ఇంజను మా బండిలో తొమ్మిదేళ్ళు నడిచింది. బాయిగారు మాత్రం మా తర్వాత ఇంకెవరి ఇంజనూ విప్పలేదు. చేతిమీద నమ్మకం లేక కాదు, ప్రయాణాలు చేసే ఓపిక లేక. రెండు కళ్ళకీ ఆపరేషను చేయించుకున్నారని విని, ఏదో పనిమీద విజయవాడ వెళ్ళినప్పుడు వన్‌టౌన్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. లావుపాటి అద్దాలు పెట్టుకుని పేపరు చదువుతున్నారు. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. నా ముఖం ఆయన సరిగ్గా చూడడం అదే మొదటిసారి.

"గొంతు వింటేగాని తెలవలేదమ్మా," అని నవ్వి, లోపలికి కేకేసి టీ చెప్పారు. బండి సంగతంతా అడిగారు. ఆయిలు ఎన్ని రోజులకు మారుస్తున్నారు, పొగ ఏ రంగులో వస్తోంది, పొద్దున్నే ఎన్ని తిప్పులకు అందుకుంటోంది అని. అన్నిటికీ సమాధానం చెప్పాను. లేచేముందు చెక్కపెట్టె తెప్పించి మైక్రోమీటరు తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని గీతలు చూశారు. పెట్టె మూసి మళ్ళీ లోపలికే పంపించారు. నాకు ఇస్తారేమో అనుకున్నాను. ఇవ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటాక చెక్క క్యాబిను పుచ్చిపోయింది, చాసిస్ తుప్పు పట్టింది. మా ఆయన చిన్న వ్యాను కొనుక్కుని లారీ అమ్మేశారు. కొన్నతను బండిని పాత ఇనుముకి వేసి, ఇంజను ఒక్కటీ ఉంచుకుని నందివాడ దగ్గర చేపల చెరువుకు నీళ్ళు తోడడానికి పెట్టుకున్నాడు. మా ఆయన ఒకసారి అటు వెళ్ళి చూసొచ్చారు. గట్టుమీద తాటాకుల పాక కింద పెట్టారని, బాగానే నడుస్తోందని చెప్పారు. ఆయిలు ఎంత తాగుతోందని అడిగాను. అది అడగలేదన్నారు.