పూలమ్మ హాజరు చీటీ

గోదావరిఖనిలో గని ఆఫీసు గుమాస్తాగా ఎలీషా రిటైరయ్యాక, కట్టడాల దగ్గర పడి కాళ్లూ చేతులూ విరిగిన కూలీలు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు. వాళ్ల నష్టపరిహారం దరఖాస్తులు ఊరికే రాసిపెట్టేవాడు. రుజువు కాగితం లేకుండా వస్తే కసిరి వెనక్కి పంపి, అది దొరికించుకుని వచ్చాకే కలం పట్టేవాడు.

2005 ఎండాకాలంలో బజారులో దుకాణాల మీద స్లాబు పోస్తుంటే సెంట్రింగు కూలింది. కాంక్రీటు తట్ట మోస్తున్న పూలమ్మ కిందపడి నడుము విరిగింది. ఆమె ఇల్లు ఎలీషా ఉండే వాడలోనే. ఆ పని కాంట్రాక్టరు యేసుకుమార్, ఎలీషా భార్యకు సొంత తమ్ముడు.

వారం తిరక్కుండానే యేసుకుమార్ వచ్చాడు. "బావా, దవాఖాన ఖర్చు నేనే పెడుతున్న. కోలుకునేదాక ఆమె ఇల్లు గూడ నేనే చూస్త. కేసయితే నా లైసెన్సు పోతది. ఆమె దగ్గర హాజరు చీటీ ఉందట, గా చీటీ నాకు ఇప్పియ్యి."

మేస్త్రి సంతకమున్న ఆ చీటీ తప్ప, ఆమె పనిలో ఉందనడానికి ఇంకో ఆధారం లేదని ఎలీషాకు తెలుసు. తెలిసే దవాఖానకు వెళ్లాడు.

"ఇయ్యుమంటరా సారూ?" మంచం మీది నుంచి అడిగింది పూలమ్మ.

"ఇయ్యి బిడ్డా. మా బామ్మర్ది మాట తప్పడు. నేనున్న గద."

తలగడ కింది నుంచి తీసి ఇచ్చింది.

ఏడాదిన్నర యేసుకుమార్ మాట మీదే ఉన్నాడు. తర్వాత హైదరాబాదులో పనులు దొరికాయని వెళ్లిపోయి, ఫోను ఎత్తడం మానేశాడు. భార్య కళ్ల ముందే ఆమె తమ్ముడి మీద కేసు రాయడానికి ఎలీషాకు చెయ్యి రాలేదు. ఇవాళ, రేపు అనుకుంటుండగానే దరఖాస్తుకున్న రెండేళ్ల గడువు దాటిపోయింది.

చివరికి రాశాడు. ఆలస్యం తన తప్పేనని మొదట్లోనే ఒప్పుకున్నాడు. కరీంనగర్‌లో కార్మిక శాఖ అధికారి ముందు తానే సాక్షిగా నిలబడ్డాడు. అధికారి ఆలస్యాన్ని మన్నించాడు. కానీ హాజరు పుస్తకంలో పూలమ్మ పేరు లేదు. తోటి కూలీలు ఒడిశా వాళ్లు, ఎప్పుడో వెళ్లిపోయారు. మేస్త్రి ఆమె ఎవరో తెలియదన్నాడు.

"దరఖాస్తులో రాసిన హాజరు చీటీ ఇప్పుడెక్కడుంది?" అధికారి అడిగాడు.

"నేనే తీస్కపోయి కాంట్రాక్టరుకిచ్చిన సార్."

"ఇన్ని కేసులు రాసిన మీరా?"

రుజువు లేదని దరఖాస్తు కొట్టేశారు.

ఆ తర్వాత ఆయన పూలమ్మ ఇంటి ముందు నుంచి నడవలేక, చుట్టు తిరిగి చర్చికి పోయేవాడు. ఒక పొద్దున పూలమ్మే కర్ర పట్టుకుని వచ్చి, కూతురు హర్షిణి హాస్టలు సీటు దరఖాస్తు ఆయన ముందు పెట్టింది.

"నా మీద కోపం లేదా బిడ్డా?"

"ఎందుకుండది సారూ? పొద్దుగాల లేవంగనే నడుం యాది జేస్తది." దరఖాస్తు ఆయన వైపు జరిపి, "కని పిల్లకు సీటు గావాలె. గీ వాడల రాసేటోళ్లు మీరే ఉన్నరు" అంది.

ఎలీషా కళ్లద్దాలు తుడుచుకుని రాయసాగాడు. తల్లి చేసే పని అన్న గడి దగ్గర కలం ఆగింది.

"కూలి అని రాయాల్నా?" మెల్లగా అడిగాడు.

"కూలి యాడ జేస్తున్న సారూ? ఇంట్లనే ఉంటదని రాయుండ్రి."