అమ్మ స్వాహిలి నేర్చుకున్న ఏడాది

మా అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటావిడ, షుగరుకి మంచిదని ఎవరో చెబితే, ఈమధ్య పొద్దున్నే మొక్కజొన్న పిండితో సంకటి చేసుకుంటోంది. మరిగే నీళ్ళలో పడిన పిండి అడుగంటబోయే ముందు వచ్చే ఆ వాసన, కాస్త తియ్యగా, కాస్త మాడుగా, నడవాలోంచి మా వంటింటి కిటికీ దాకా వస్తుంది. అది తగలగానే చేతిలో పని ఆగిపోతుంది. నాకు మళ్ళీ పదేళ్ళు వస్తాయి. రేపల్లెలో మా పెంకుటిల్లు, పెరట్లో కిరసనాయిలు స్టవ్వు ముందు పీట మీద కూచుని కర్ర గరిటెతో పిండి తిప్పుతున్న అమ్మ, వసారాలో టేపురికార్డరు పక్కన కూచుని మాకెవరికీ తెలియని భాషలో మాటలు వల్లె వేస్తున్న నాన్న, అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. వాటితోపాటే అప్పటి భయం కూడా వస్తుంది. ఆ పిండి ఉడికిన ప్రతిరోజూ అమ్మానాన్నా ఆఫ్రికాకి ఇంకాస్త దగ్గరవుతున్నారని నాకు తెలుసు. మేం, అంటే నేనూ తమ్ముడు చంటీ, వాళ్ళతో వెళ్తున్నామో లేదో మాత్రం తెలియదు.

నాన్న పేరు ప్రసాదరావు. రేపల్లెలో లెక్కల మాస్టారు. అమ్మ పేరు కరుణ, ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు. మా ఇల్లు గుడి, అంటే మా చర్చి, చుట్టూ తిరిగేది. డిసెంబరు మొదటి వారానికల్లా గోడలకి వెల్ల వేసి, వెదురు బద్దలకి రంగు కాగితం అంటించి నక్షత్రం కట్టి, లోపల బల్బు పెట్టి దూలానికి వేలాడదీసేవాళ్ళం. బెల్లం పాకం వాసన, తడి బియ్యప్పిండి వాసన కలిసి ఇల్లంతా పట్టేసి, అరిసెలు వత్తే రోజున పక్కింటి వెంకాయమ్మత్తయ్య కొంగు బిగించి మా వంటింట్లోకి వచ్చేసేది. వాళ్ళు తరాలుగా వరి పండించే రైతులు, మాగాణి ఉన్నవాళ్ళు. పాకం తీయడంలో మా అమ్మ మీద ఆవిడకి ఏ మాత్రం నమ్మకం లేదు. వేసవికి ముందు మట్టల ఆదివారం నాడు కొబ్బరి మట్టలు పట్టుకుని వీధంతా పాడుకుంటూ తిరిగి, ఆ మట్టలతోనే బూరలు చేసుకుని ఊదుతూ, ఎండలో మాడి ఇంటికొచ్చేవాళ్ళం.

అలాంటి ఒక వేసవిలో తెనాలిలో మా క్రైస్తవ సంఘాల ఉజ్జీవ సభలు జరిగాయి. తాటాకు పందిరి, కింద పరిచిన వరిగడ్డి, పైన గిరగిరా తిరిగే పురుగులు. ఆఫ్రికాలో పదేళ్ళు పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన మాట్లాడాడు. అక్కడి పల్లెల్లో బడి చెప్పేవాళ్ళు లేరనీ, పురుడు పోసేవాళ్ళు లేరనీ, వెళ్ళడానికి ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడమనీ అన్నాడు. నాన్న లేచాడు. మగవాళ్ళ వైపు నుంచి ఒక్కొక్క తలే తిరిగి ఆడవాళ్ళ వైపు చూడసాగింది. అమ్మ ఒళ్ళో చంటి నిద్రపోతున్నాడు. అమ్మ నాన్న వంక చూసింది, చంటి వంక చూసింది. తరవాత వాణ్ణి నెమ్మదిగా భుజాన వేసుకుని, నా భుజం ఊతగా పట్టుకుని లేచింది. ఆ చెయ్యి చెమటతో తడిగా ఉంది. ముందుగా తనతో ఒక్క మాటైనా అనలేదని నాన్నని తను అప్పట్లో నిలదీయలేదు. కానీ ఆ రాత్రి తెనాలిలో నాయనమ్మ ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

"మన పేటలో చదువురాని పిల్లలు లేరా, రోగాలు లేవా? అంత దూరం పోయి చేసేదేంటి?" అని నాయనమ్మ ఒక్కసారే అడిగింది. నాన్న దేవుడి పిలుపు వచ్చిందన్నాడు. ఆవిడ గిన్నెలు సర్దుకుంది.

సన్నాహాలు ఏడాది సాగాయి. ఆ పెద్దాయన పంపిన క్యాసెట్లు పెట్టుకుని ఇద్దరూ స్వాహిలి నేర్చుకున్నారు. మాజీ అంటే నీళ్ళు, దావా అంటే మందు. "మన దగ్గర దావా వేస్తే కోర్టుకెళ్తారు, వాళ్ళు ఆస్పత్రికెళ్తారన్నమాట" అని వెంకాయమ్మత్తయ్య భర్త గోడ అవతల నుంచి నవ్వేవాడు. అక్కడివాళ్ళు తినేది మొక్కజొన్న పిండి ముద్ద గనక వారంలో చాలా పూటలు మాకూ అదే. అమ్మ దాన్ని గోంగూరతో తినమనేది. చంటి నోట్లో పెట్టుకుని, అమ్మ అటు తిరగ్గానే పెరట్లో కోళ్ళకి ఉమ్మేసేవాడు.

మా సంగతి మాట్లాడుకోవాల్సి వచ్చినప్పుడు అమ్మానాన్నా వచ్చీరాని స్వాహిలిలోకి దిగేవాళ్ళు. మాకు అర్థం కాకూడదని. కానీ క్యాసెట్లు నేనూ వింటున్నాను కదా. వటోటో అంటే పిల్లలని నాకు తెలుసు. నేను తలుపు పక్కన పుస్తకం తెరిచి కూచుని ఉండగా ఆ మాట వినపడేది. తరవాత అమ్మ గొంతు తగ్గేది. నాన్న ఏదో అనేవాడు. మళ్ళీ వటోటో. దాని ముందూ వెనకా ఉన్న మాటలు నాకు వచ్చేవి కావు. అడిగితే అబద్ధం చెబుతారేమోనన్న భయంతో నేను అడగలేదు.

అలవాటు కావాలని, శనివారాలు నిజాంపట్నం దగ్గర జాలరిపల్లెల్లో పనిచేయమన్నారు వాళ్ళని పంపే సంస్థవాళ్ళు. మందుల సంచీతో అమ్మ, పలకలతో నాన్న, వెనక మేము. బస్సు దిగగానే ఎండుచేపల ఘాటు ముక్కుకి తగిలేది. ఒడ్డున మరపడవల మోత, వేలం పాడేవాళ్ళ కేకలు, ఇసక మీద పరిచిన చేపల మీద వాలే కాకులు. నాన్న నీడ చూసుకుని పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. అమ్మ ఏ గుడిసె ముందు కూచుంటే అక్కడ ఆడవాళ్ళు చేరేవాళ్ళు. మొదట్లో తలొంచుకుని వెళ్ళిన మనిషి పోనుపోను శనివారం కోసం ఎదురుచూసేది.

వానాకాలంలో అక్కడ వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. అమ్మ సెలవు పెట్టి ఆ పల్లెలోనే ఉండిపోయింది. నాన్న మమ్మల్ని తీసుకుని ఇంటికొచ్చాడు. ఆ వారంలోనే చంటికి జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోయింది, ఏది పోసినా నిలవలేదు. నాన్న వాణ్ణి ఎత్తుకుని ఇటు గోడ నుంచి అటు గోడకి తిరుగుతూ, వసారాలోకి వచ్చి వీధి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళేవాడు. చివరికి వెంకాయమ్మత్తయ్య భర్త స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకెళ్తే సెలైను పెట్టారు. మర్నాడు అమ్మ వచ్చేసరికి వాడు లేచి కూచుని బిస్కెట్టు తింటున్నాడు.

"ఇక్కడ గనక ఆస్పత్రి ఉంది. అక్కడో?" అన్నాడు నాన్న.

అమ్మ చంటి నుదుటి మీద చెయ్యి పెట్టి ఉంది. "ఆ పల్లెలో తల్లులకి కూడా పిల్లలున్నారండి" అంది. ఆ రోజు నుంచి టేపురికార్డరు ముందు అమ్మ ఒక్కతే కూచోవడం మొదలైంది. నాన్నకి ఎప్పుడూ దిద్దాల్సిన పేపర్లేవో ఉండేవి.

ఎండలు ముదరకముందే ఒకరోజు నాన్న నన్ను బాపట్ల తీసుకెళ్ళాడు. ఊరికే చూసొద్దామన్నాడు. అది ఆడపిల్లల హాస్టలు. పొడుగాటి హాలు, గోడవారగా వరసగా రేకు పెట్టెలు, వాటి మీద తెల్ల పెయింటుతో పేర్లు, ఎక్కడి నుంచో ఉడికిన కందిపప్పు వాసన. నా ఈడు పిల్లలు మంచాల మీద నుంచి నన్ను పైనుంచి కిందికి చూశారు. వార్డెనమ్మ మంచావిడ. పక్కబట్టలూ కంచం గ్లాసూ తెచ్చుకుంటే చాలంది. "బాబు చిన్నవాడు కదండీ, వాడు మా అమ్మ దగ్గర తెనాలిలో ఉంటాడు" అని నాన్న ఆవిడతో చెబుతుంటే విన్నాను. నాకు విషయం తెలిసింది అలాగ. నేను ఏడవలేదు. ఏదో ఒకటి అడగాలనిపించింది.

"సెలవుల్లో ఇక్కడ ఎవరుంటారండి?"

"ఇల్లు లేని పిల్లలుంటారమ్మా" అంది ఆవిడ మామూలుగా.

తిరుగు బస్సులో నాన్న నన్ను కిటికీ దగ్గర కూచోబెట్టాడు. దారిలో నగరం అనే ఊళ్ళో బస్సు ఆగితే దిగి గోళీసోడా కొనుక్కొచ్చాడు. నాకిస్తుంటే బస్సు కదిలి సోడా నా గౌను మీద ఒలికింది. తుడవడానికి జేబురుమాలు తీసి, దాన్ని చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

వీడ్కోలు కూటం తెనాలిలో, ఆదివారం పొద్దున ఆరాధన అయ్యాక పెట్టారు. అమ్మ తెల్లచీర కట్టుకుంది. నాయనమ్మ ముందు వరసలో చంటిని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పాటలయ్యాక పాస్టరుగారు నాన్నని సాక్ష్యం, అంటే తనకి పిలుపు ఎలా వచ్చిందో, చెప్పమన్నారు. నాన్న మైకు దగ్గరికి వెళ్ళి దాని ఎత్తు సరిచేసుకున్నాడు. ఎవరో దగ్గారు.

"నేను వెళ్ళలేనండి" అన్నాడు. "ఆ రోజు నేను లేచి నిలబడింది నిజమే. అది ఉత్తిది కాదు. కానీ పిల్లల్ని వదిలి ఉండటం నావల్ల కాదు. మీరంతా నన్ను క్షమించాలి."

వచ్చి కూచున్నాడు. పాస్టరుగారు ఏం చేయాలో తోచక ప్రార్థన చేద్దామన్నారు. నేను కళ్ళు మూసుకోకుండా అమ్మ వంకే చూశాను. కోపం లేదు, ఏడుపు లేదు, ఎదురుగా గోడ వంక చూస్తోంది. నాకు వచ్చిన సంతోషం ఎంతంటే, అది బయటికి కనబడుతుందేమోనని తల వంచేసుకున్నాను.

రేపల్లె ప్యాసింజరులో ఎదురెదురుగా కూచున్నాం. కోసిన పొలాలూ పసుపు ఆరబోసిన కళ్ళాలూ వెనక్కి పోతున్నాయి. ఇల్లు చేరాక అమ్మ చీరైనా మార్చుకోకుండా స్టవ్వు వెలిగించి మొక్కజొన్న పిండి డబ్బా కిందికి దించింది. నాన్న వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంక అదెందుకు?"

"మీరుండండి, పిల్లల దగ్గర" అంది అమ్మ నీళ్ళు పోస్తూ. "నేను వెళ్తాను."

"ఒక్కదానివా?"

అమ్మ గరిటె ఆపలేదు. "ఏడాది కిందట నన్నడగకుండా లేచారు. నేనూ లేచాను. మీరు కూచున్నారని నేనూ కూచోవాలా అండీ?"

ఆ తరవాతి నెలలు సభల కంటే కష్టంగా గడిచాయి. పెళ్ళైన ఆడమనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఒంటరిగా వెళ్ళడమేంటన్నారు సంఘం పెద్దలు. సంస్థవాళ్ళు దంపతులైతేనే పంపుతామన్నారు. బజారులో నాన్నని చూసి మాట మార్చేవాళ్ళు. అందరి ముందూ వెళ్ళలేనన్న ఆ మనిషే భార్యని పంపమని ఒక్కొక్క పెద్ద గుమ్మమూ ఎక్కాడు. వాళ్ళు అనేవి నిలబడి విన్నాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, వెంకాయమ్మత్తయ్య దగ్గర పప్పు తాలింపు ఎలా పెట్టాలో నేర్చుకున్నాడు. నా జడ అల్లడం కూడా ఆవిడే నేర్పింది. మొదట్లో అవి తాళ్ళలా బిగిసిపోయి తల నొప్పెట్టేది. నేను చెప్పలేదు.

చివరికి ఒప్పుకున్నారు. మూడేళ్ళ పనికి మాత్రమే. తెనాలి స్టేషనులో రైలు కదిలే ముందు అమ్మ నన్ను దగ్గరికి తీసుకోబోతే నేను నాన్న చెయ్యి వదల్లేదు. నాన్నని మా దగ్గరే ఉంచినందుకు దేవుడికి దండం పెట్టుకున్నదాన్ని, అమ్మని పట్టుకుపోతున్నందుకు ఆ దేవుడితోనే మాట్లాడ్డం మానేశాను. అమ్మ నా తల నిమిరి ఎక్కేసింది. ఉత్తరాలు వచ్చేవి, నీలం కాగితాల మీద, అంచులదాకా రాసి. అక్కడి వానలు, పుట్టిన పిల్లలు, చంటి చొక్కా కొలత ఎంతయిందన్న ప్రశ్న.

అమ్మ తిరిగొచ్చినప్పుడు చంటికి ఎనిమిదో ఏడు. ప్లాట్‌ఫారం మీద నల్లబడి, చిక్కిపోయిన ఆవిణ్ణి చూసి వాడు నాన్న వెనక దాక్కున్నాడు. అమ్మ చేతులు చాపలేదు, పిలవలేదు. తన పెట్టె మీద కూచుని, జనం అంతా వెళ్ళిపోయేదాకా ఎటో చూస్తూ ఉంది. కాసేపటికి వాడే వెళ్ళి పెట్టె మీద రెండో చివర కూచున్నాడు. నేను మామూలుగా మాట్లాడటానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

అమ్మ మళ్ళీ వెళ్ళలేదు. రేపల్లెలోనే రిటైరయింది. పోయి కొన్నేళ్ళయింది. పెంకుటింటి చోట మూడంతస్తులు లేచాయి, వెంకాయమ్మత్తయ్య పెరటి గోడ కూడా లేదు. బాపట్లలో ఆ హాస్టలు మూతపడి కల్యాణ మండపమైందట. తాటాకు పందిళ్ళ సభలు పోయి ఇప్పుడు ప్రసంగాలన్నీ ఫోన్లలోనే వినిపిస్తున్నాయి. నీలం ఉత్తరాలు రాసేవాళ్ళు లేరు. ఆఫ్రికాలో ఉన్నవాళ్ళు పొద్దున్నే తెరమీద కనబడి ఏం టిఫిను చేశావని అడుగుతున్నారు.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. పోయిన నెల మా సంఘంలోని ఒక కుర్ర జంట ఆఫ్రికా పనికి వెళ్తున్నామని, పెద్దవారు ప్రార్థన చేయాలని మా ఇంటికొచ్చారు. వందనాలు చెప్పి, కుర్చీల అంచున కూచుని, వీసా సంగతి, భాష సంగతి ఉత్సాహంగా చెబుతున్నారు. వాళ్ళ ఆరేళ్ళ పాప గుమ్మం దగ్గరే నిలబడింది. నాన్న అంతా విని, "పాపకి చెప్పారా?" అని అడిగాడు.

"చెప్పామండి" అంది పాప తల్లి.

"తనేమంది?"

ఇద్దరూ గుమ్మం వైపు తిరిగి పాపని చూశారు. నాన్న తన కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని, పాపని దగ్గరికి రమ్మన్నాడు.