గుమ్మిలో దరువు, గొట్టంలో బల్లి

ఒక పెళ్ళి చెడగొట్టాలంటే కట్నం తగాదా అక్కర్లేదు, పప్పులో ఉప్పు ఎక్కువ కానక్కర్లేదు. వడ్లు లేని గుమ్మి ఒకటి, టేపురికార్డరు ఒకటి, ఆ రెంటి మధ్య నాలాంటి మేధావి ఒకడు ఉంటే చాలు. ఎనభైల మొదట్లో ఈ మూడూ ఒకచోట కలిశాయి. ఆ తర్వాత జరిగింది చదివి మీరు నవ్వవచ్చు. నవ్వడానికి నాకు మాత్రం చాలాకాలం పట్టింది.

ముందు నా గురించి. పేరు సోమన్న. అరవైతొమ్మిది తెలంగాణ ఆందోళనలో బడులు మూతబడ్డ ఏడాది నేను నేర్చుకున్న ఏకైక విద్య గొంతు చించుకోవడం. ఆ గొంతు తర్వాత హేతువాదానికి పనికొచ్చింది. మానుకోట చుట్టుపక్కల నేను ఉపన్యసించని అరుగు లేదు. పిల్లి ఎదురైతే పిల్లికి నమస్కారం పెట్టి నడిచేవాణ్ణి. బల్లి పలికితే దాన్ని చర్చకు పిలిచేవాణ్ణి. మా వాడలో ఎవరికైనా తుమ్మొస్తే, నేను కనబడితే, పాపం లోపలికి వెళ్ళి తుమ్మేవాళ్ళు. బయట తుమ్మితే శకునాల మీద గంటసేపు ఉపన్యాసం వినాలి మరి.

నా ప్రాణ స్నేహితుడు మల్లేశం. గూడూరు దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో సుగుణ అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. సుగుణకు తల్లిదండ్రులు లేరు. మేనమామ కొమురయ్య, అమ్మమ్మ ఈరమ్మవ్వ పెంచారు. చదువుకున్న పిల్ల, నెమ్మదైన పిల్ల. ఆమె చేసిన నేరమల్లా మూలా నక్షత్రంలో పుట్టడం. మూలలో పుట్టిన కోడలు వస్తే మామగారికి గండమని జనం నమ్మకం. పంతులు పంచాంగం తెరిచినప్పుడల్లా ఒక సంబంధం మూసుకుపోయేది. అప్పటికే రెండు అలా పోయాయి. అందుకని మల్లేశం పంతులు లేని పెళ్ళి చేసుకుంటానన్నాడు. దండలు, ప్రమాణాలు, నా ఉపన్యాసం, భోజనాలు. ఇంతే.

కొమురయ్య మామను ఒప్పించడానికి నేనే వెళ్ళాను. ఆయన బీడీ ఆరిపోయేదాకా విని అన్నాడు:

"పంతులు లేకుంటె మానె. గని మేళం లేనిది పెండ్లి గాదు. దండలేసే యాళ్లకు గట్టిగ మోగాలె. ఎందుకో ఎరికేనా?"

"సంబరానికి, మామా."

"సంబరం నీ మొకం. ఎవడన్న తుమ్మినా, బల్లి పలికినా పిల్ల చెవుల వడొద్దని. సప్పుడు సల్లవడి అపశకునం వినవడ్డదనుకో, నేను పక్కింట్ల ఉన్న పంతులును పిలుస్త. ఆయన వద్దంటె వద్దు. తల్లిలేని పిల్ల. రేపు దానికేమన్నైతే ఊరు నన్నంటది, నిన్ను గాదు."

ఆ పంతులు ఏమంటాడో మనకు తెలుసు. అంటే సుగుణ పెళ్ళి ఇప్పుడు చప్పుడు మీద ఆధారపడింది. అక్కడ నేను డప్పులవాళ్ళను, సన్నాయివాళ్ళను మాట్లాడుకుని ఇంటికి పోతే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ నాకు అంతకు వారం ముందే ఒక రోగం తగిలింది.

జనగామ బస్టాండు పక్క హోటల్లో చాయ తాగుతుంటే ఎవరో బొంబాయి నుంచి తెచ్చిన డిస్కో క్యాసెట్ పెట్టారు. దానిలో పాట నాకు గుర్తులేదు. ఒక 'ధమ్' గుర్తుంది. ఆ వెనకే ఒక 'గుమ్'. ఆ ధమ్ చెవితో వినేది కాదు, బొడ్డుతో వినేది. నా చాయ గ్లాసులో అలలు లేచాయి. మనుషులు కులం, నక్షత్రం మరచి కాళ్ళు కదుపుతున్నారు. ఇదే, అనుకున్నాను. కొత్త పెళ్ళికి కొత్త దరువు. ఏ శాస్త్రంలోనూ లేని దరువు. దాన్ని నేనే తయారుచేస్తాను.

మానుకోటలో మైకుసెట్ల దుకాణం నడిపే యాకూబ్ అన్న నాకంటే పెద్ద పిచ్చివాడు. "చేద్దాం అన్నా! బొంబాయోనికి రెండు చేతులే, మనకు రెండు చేతులే," అని టేపురికార్డరు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

మా ఇంట్లో వెదురుతో అల్లి పేడతో అలికిన పెద్ద గుమ్మి ఉంది. ఆ ఏడు వానలు ముఖం చాటేసినందువల్ల ఖాళీగా ఉంది. దానిలోకి మైకు దించాం. రోకలికి గోనెపట్టా చుట్టి మల్లేశం గుమ్మి పక్కను గుద్దాడు. ధమ్! ట్రాక్టరు ట్యూబును పట్టీగా కోసి, ఖాళీ డ్రమ్ము మీద బిగించి నేను లాగి వదిలాను. గుమ్! మా అమ్మ వచ్చి తొంగిచూసి, "గుమ్మిల వడ్లు లేకపాయె గని, ఎర్రోళ్ళు నిండిండ్రు," అని పోయింది.

మొదట ధమ్, గుమ్ ఒకేసారి కొట్టాం. రికార్డు వింటే రెండూ లేవు. రెండూ అంత లోతున ఉండే చప్పుళ్ళే కదా, ఒకే పీట మీద ఇద్దరు లావుపాటి మనుషులు కూర్చున్నట్టయింది. అప్పుడు ఒకదాని తర్వాత ఒకటి కొట్టాం. ధమ్ లేచిన చోట గుమ్ కూర్చుంది. శభాష్! ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, వంతులవారీగా దూర్చితే ఇముడుతాయని నేను ఆ రోజే కనిపెట్టాను.

ఇంకో లోపం మిగిలింది. ధమ్ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. పొగమంచులో బర్రె వచ్చినట్టు వస్తోంది, మీద పడ్డాకగాని తెలియదు. దాని మెడలో గంట కట్టాలి. రోకలి దెబ్బ పడే క్షణానికే సరిగ్గా ఒక చిన్న, పదునైన చప్పుడు కావాలి. చెంచాతో కొట్టాం, చింతగింజలు రాల్చాం, కుదరలేదు. చివరికి నేను గుమ్మి మూతిలో తలపెట్టి, ప్రతి దెబ్బకూ నాలుకతో 'టిక్' అన్నాను.

అద్భుతం! టిక్‌తో కలిసిన ధమ్ మేకు దిగినట్టు దిగింది. క్యాసెట్ ఒక వైపంతా నిండేదాకా నాలుక ఆడించాను. మర్నాటికి అది వాచి నోట్లో పట్టలేదు. ఆ వారమంతా మానుకోటలో ఉపన్యాసాలు లేవు. ఊరు సుఖంగా నిద్రపోయిందని తర్వాత విన్నాను.

యాకూబ్ అన్న దుకాణంలో, నిలువెత్తు చెక్కపెట్టె స్పీకరులో ఆ క్యాసెట్ పెట్టి విన్నాం. అల్మారాలో గిన్నెలు నడిచాయి. వీధిలో కుక్క లేచి ఇల్లు మారింది.

"పెండ్లికి గీ పెట్టె గొంచవోదమా అన్నా?" అన్నాడు యాకూబ్.

"పెట్టె చప్పుడు వాడకే సరిపోతుంది. మనది ఊరు ఊరంతా వినాలి. గొట్టాలు కట్టు. నాలుగు దిక్కులా నాలుగు."

"గొట్టమైతె మూడూర్లకు వినవడుతది!" అని యాకూబ్ ఎగిరి గంతేశాడు.

పాఠకులారా, ఆ ఇనుప గొట్టం మీరు చూసే ఉంటారు. చెట్టుకు కట్టి సినిమా పాటలు, ఎన్నికల ప్రచారం వినిపించే గొట్టం. అది సన్నని గొంతుల కోసం పుట్టింది. లావు చప్పుడు దాని కంఠం దిగదు. ఏనుగును జల్లెడలో పోస్తే తొండం కొన కూడా రాదు. ఈ సంగతి ఇప్పుడు మీకు చెబుతున్నంత సులువుగా అప్పుడు నాకెవరైనా చెబితే? చెప్పినా వినేవాణ్ణి కాదు. ఉపన్యాసకుడికి నోరుంటుంది గానీ చెవులెక్కడివి?

పెళ్ళినాడు పొద్దున పందిరి నిండింది. నాలుగు మూలలా నాలుగు గొట్టాలు. పక్కింటి అరుగు మీద పంతులు, చంకలో పంచాంగం, చేతిలో చాయ. చిరునవ్వుతో వేచి ఉన్నాడు. సుగుణ మాత్రం ఆ పంచాంగం వైపే చూస్తోంది. రెండుసార్లు అది తెరుచుకోవడం చూసిన పిల్ల. చేతిలోని దండలో పూరేకులు ఒక్కొక్కటే తుంచుతోంది.

"ఇగ గొట్టు నీ దరువు," అన్నాడు కొమురయ్య మామ.

నేను చెయ్యెత్తాను. ఊరు కదిలిపోవడానికి సిద్ధంగా కళ్ళు మూసుకున్నాను. యాకూబ్ మీట నొక్కాడు.

టిక్... టిక్... టిక్... టిక్...

కళ్ళు తెరిచాను. ధమ్ లేదు. గుమ్ లేదు. రెండూ గొట్టాల గొంతులో ఇరుక్కుపోయాయి. బయటికి వచ్చింది నా నాలుక ఒక్కటే, అదీ మూడూర్లకు వినిపించేంత గట్టిగా. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. నేను గుమ్మిని మోగించి బల్లిని పట్టాను.

పందిరి కింద ఒక్కసారిగా తలలన్నీ పైకి లేచాయి.

"బల్లి!"

"ఏ దిక్కు పలికిందే?"

"తూర్పు."

"కాదే, పడమట!"

"అన్ని దిక్కుల పలుకుతాంది! వామ్మో, ఎంత పెద్ద బల్లో!"

ఏ బల్లి చప్పుడు వినపడకూడదని మేళం పెట్టమన్నాడో, ఆ మేళమే బల్లై కూర్చుంది. కొమురయ్య మామ ముఖం మాడిన రొట్టెలా అయింది. "పంతులూ, జర ఇటు రా!" అని కేక వేశాడు.

పంతులు చాయ వదిలి, పంచాంగం తెరుస్తూ వచ్చాడు. బల్లి పలికిన దిక్కుల పేజీ తీశాడు. తూర్పుకు ఒక ఫలం ఉంది, దక్షిణానికి ఒక ఫలం ఉంది. నాలుగు దిక్కులా ఆగకుండా పలికితే ఏమిటో రాసి లేదు. ఆయన పేజీ వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. మరో రెండు పేజీలు తిప్పితే జాతకాల దగ్గరికి వస్తాడు. సుగుణ దండ జారిపోతోంది.

ఇక నేను ఆగలేకపోయాను. మైకు లాక్కున్నాను. "సోదర సోదరీమణులారా! ఇది బల్లి కాదు! ఇది నా నాలుక!"

టిక్, అన్నాయి గొట్టాలు.

ఎవరైనా మాట అనగానే బల్లి పలికితే ఆ మాట నిజమని మనవాళ్ళ నమ్మకం. జనమంతా వేళ్ళతో నేల మీద తట్టి, "సత్యం, సత్యం," అన్నారు.

ఒక్క క్షణం సంతోషించాను. పక్కనే ఒక ముసలాయన, "పాపం, సోమన్న నాలుక మీద బల్లి వడ్డదట," అన్నాడు.

"కాదు! బల్లి మాటలు నమ్మొద్దు!"

టిక్.

"సత్యం. బల్లే చెప్తాంది నమ్మొద్దని."

నా తర్కశాస్త్రం అంతటితో సరి. తలపట్టుకున్నాను. అప్పుడు ఈరమ్మవ్వ లేచింది. కర్ర నేలకు తాటించి, "పిలగా! మైకు నీకెందుకు, పెండ్లికొడుకుకు ఇయ్యి. పిల్లను ఎట్ల జూసుకుంటడో చెప్పనీ," అంది.

మల్లేశం మైకు అందుకుని తడబడుతూ అన్నాడు: "సుగుణను నాతోని సమానంగ జూసుకుంట."

టిక్.

"సత్యం!" అని అవ్వ చిటిక వేసింది. "ఇన్నవా కొమురయ్యా? ఇగ నువ్వు జెప్పు బిడ్డా."

సుగుణ దండ సరిచేసుకుంది. మైకు అందుకుంది. "నేను టీచర్ ట్రైనింగు జేస్త. కొలువు జేస్త. ఆయన అడ్డం రావొద్దు."

టిక్.

"సత్యం!" ఈసారి పందిరంతా అంది.

"మూల నచ్చత్రం పిల్లతోని ఎవ్వలకు గండం లేదు," అంది అవ్వ, మల్లేశం తండ్రి కళ్ళలోకి చూస్తూ.

టిక్. ఆయన కూడా నేల తట్టాడు.

నాలో హేతువాది భగ్గుమన్నాడు. మూఢనమ్మకంతో పెళ్ళా? నేనుండగానా? మళ్ళీ మైకు మీదికి దూకబోతే మల్లేశం నా కాలు తొక్కి చెవిలో అన్నాడు: "అరే సోమిగా, నీ కాల్మొక్త. దండలు వడేదాక నువ్వు బల్లివే అనుకో."

జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. గొట్టాల్లో నా నాలుక మాత్రం ఆడుతూనే ఉంది.

"బల్లే ఒప్పుకున్నంక నేనెవన్ని?" అని కొమురయ్య మామ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. పంతులు పంచాంగం మూసి, "నాలుగు దిక్కుల సాక్ష్యం. నాదేముంది?" అని భోజనాల వైపు నడిచాడు. దండలు పడ్డాయి. టిక్కుటిక్కుమంటుంటే కుర్రవాళ్ళు దానికే చిందులు వేశారు. దరువు లేకపోయినా తాళం ఉంది కదా!

భోజనాల దగ్గర ముఖం మాడ్చుకుని అవ్వ పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నీకు నిజం చెప్పాలి. అది బల్లి కాదు."

అవ్వ ముద్ద మింగి నన్ను జాలిగా చూసింది.

"ఎర్రి కొడుకా, పుట్టినకాన్నుంచి బల్లులతోని ఒక్క ఇంట్ల ఉంటున్న. బల్లి గడియారం లెక్క కొట్టుకుంటదా? దానికి తాళం ఏడిది?"

"మరి సత్యం, సత్యం అన్నావు?"

"మీ మామకు నీ ఉపన్యాసం ఎక్కుతదా? బల్లైతె ఎక్కుతది. పిల్ల పెండ్లి గావాలె గద! అవుగని, వచ్చే మీటింగు మా వాకిట్ల పెట్టు. ఊరోళ్ళకు నచ్చత్రాల సంగతి జెప్పు, నేను గూసోవెడ్త. గా గొట్టాలు మాత్రం తేకు."

మీటింగు పెట్టాను. అవ్వ ముందు వరసలో కూర్చుని, కునికేవాళ్ళను కర్రతో పొడిచింది. సుగుణ టీచరమ్మ అయింది. మల్లేశం తండ్రికి ఏ గండమూ రాలేదు, కోడలి చేతి చారుకు బొజ్జ వచ్చింది. అన్నిటికంటే విశేషం, మరుసటి ఏడు కొమురయ్య మామ తన కొడుకు పెళ్ళి పంచాంగం లేకుండానే చేశాడు. చేసే ముందు మానుకోటకు బస్సెక్కి వచ్చి యాకూబ్ అన్నను అడిగాడట: "గా బల్లి క్యాసెట్టు ఉన్నదా? అది లేంది పెండ్లి చెయ్య."

కాబట్టి గుమ్మి సాక్షిగా, గొట్టం సాక్షిగా, వాచిన నా నాలుక సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. లావు చప్పుడును సన్నని గొట్టంలోకి ఇక జన్మలో దూర్చను. అవ్వలు కూర్చున్న సభలో తెలివి నా ఒక్కడి సొత్తని అనుకోను. ఈ మాట రాస్తుంటే గోడ మీద బల్లి పలికింది. అది శకునమేమీ కాదు. దానికి తాళజ్ఞానం లేదని మాత్రం గమనించాను.