కళ్ళు మూసుకుని చెప్పిన పాఠం

కృపావతి టీచరు బళ్ళో నిద్రపోతుందని చెప్పుకున్నవాళ్ళంతా తర్వాత నాలిక్కరుచుకున్నారు. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు ఆవిడ కళ్ళజోడు సంగతి చెప్పాలి.

ముక్తేశ్వరంలో వాళ్ళ పేట మొత్తానికి పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల కృపావతి. వాళ్ళమ్మ పరాయి చేలల్లో ఊడ్పులకెళ్ళి చదివించింది. టీచరు ఉద్యోగం వచ్చేనాటికి కళ్ళజోడు అద్దాలు సోడాబుడ్డి అడుగంత మందమయ్యాయి. ఉద్యోగమేమో గోదావరి మధ్య లంకలో. రేవు దాకా సైకిలు, అక్కణ్ణుంచి పడవ. వానొస్తే అద్దాల మీద నీళ్ళు, తుడిస్తే మసక. రెండువేల సంవత్సరం ఆగస్టులో పడవ దిగబోతూ కాలు జారింది. మనిషి దక్కింది గానీ కళ్ళజోడు గోదారి పాలైంది. కొత్తది వచ్చేదాకా వారం రోజులు ఆవిడకి పిల్లల మొహాలే ఆనలేదు.

భర్త ప్రేమ్ కుమార్ అమలాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవాడు. లేజరు ఆపరేషన్ గురించి పేపర్లో చదివి, ఆ పై వేసవి సెలవుల్లో ఆవిణ్ణి హైదరాబాదు తీసుకెళ్ళాడు. ఆపరేషనైన మర్నాడు కట్టు విప్పగానే కృపావతి గోడ మీది అక్షరాలు అట్టడుగు వరస దాకా గడగడా చదివేసింది. ఎగిరి గంతెయ్యడం ఒక్కటే తక్కువ.

ఆ సంబరం నెల తిరక్కుండానే ఆవిరైపోయింది. కళ్ళల్లో ఇసుక పోసినట్టు గరగర. పొద్దున్నే రెప్ప విప్పితే సూది దిగినట్టు పోటు. మళ్ళీ వెళ్తే కంట్లో తడి ఇంకిపోయిందని చుక్కల మందు రాశారు. మూడోసారి వెళ్ళినప్పుడు డాక్టరు విసుక్కున్నాడు.

"చూపు బ్రహ్మాండంగా ఉంది కదమ్మా, ఇంకేం కావాలి?"

తిరుగు రైల్లో ఆవిడ ప్రేమ్ కుమార్‌ని అడిగింది. "చూపు బాగుంటే నొప్పి ఉండకూడదని ఎక్కడైనా రాసుందాండీ?"

ఆపరేషన్ మాట ఎత్తింది తనే కదా అని ఆయన లోలోపల కుమిలిపోయేవాడు.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. తడి లేని కన్ను మంట తట్టుకోలేక ఉండుండి బొటబొటా నీళ్ళు కారుస్తుంది. పడవలో గాలి కొడితే ఒకటే ధార. అది చూసి పడవ నడిపే సింహాద్రి, మొగుడు కొడుతున్నాడని తేల్చేశాడు. ఓ రోజు రేవులో ప్రేమ్ కుమార్‌ని పట్టుకుని నిలదీశాడు.

"చదువుకున్నోరు మీరు, ఆడకూతుర్ని అలా ఏడిపించొచ్చాండీ బాబూ?"

చర్చిలోనైతే, ప్రార్థనలో కృపావతిలా కరిగిపోయే మనిషి లేదని పేరొచ్చింది. "భక్తి కాదండీ, కళ్ళ జబ్బండీ" అని మొత్తుకుంటే, ఎంత వినయమో అని ఇంకాస్త మెచ్చుకున్నారు. పోనీ అని గాలికి అడ్డంగా నల్లద్దాలు పెడితే, పంతులమ్మకి పొగరెక్కిందన్నారు. ఎలా చచ్చేది ఈ జనంతో?

ఆవిడ మాత్రం బడి మానలేదు. గంటకోసారి చుక్కలు వేసుకుని కాసేపు కళ్ళు మూసుకోవాలి. ఆ కాసేపూ పాఠం ఎందుకు ఆగాలని, చెవులతో చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పైకి చదవాలి, ఆవిడ కళ్ళు మూసుకుని వినాలి. మూడేళ్ళకి పుస్తకాలన్నీ కంఠతా వచ్చేశాయి. ఎవరు గొంతు సవరించుకున్నా పేరు పెట్టి పిలిచేది.

కిటికీలోంచి చూసిన మహానుభావుడెవడో రెండువేల అయిదు జనవరిలో పై అధికారులకి ఆకాశరామన్న ఉత్తరం రాసి పడేశాడు. టీచరుకి కళ్ళు కనపడవనీ, నల్లద్దాలు పెట్టుకొచ్చి కుర్చీలో నిద్రపోతుందనీ, మార్చెయ్యాలనీ. ఆ బడి పోతే తను ఉత్త రోగిష్టిదాన్నే అనిపించి కృపావతికి రెండ్రోజులు ముద్ద దిగలేదు.

విచారణకి మండల విద్యాధికారి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు చెప్పాపెట్టకుండా వచ్చారు. గుమ్మంలోకి వచ్చేసరికి కృపావతి కళ్ళు మూసుకునే ఉంది. దొరికిపోయిందనుకున్నారాయన. పిల్లల్ని లేవొద్దని సైగ చేసి అలాగే నిలబడ్డారు. అయిదో తరగతి పుష్పలత బెదురుగా చదువుతోంది.

"ఒక లైను మింగేసేవే పుష్పలతా. వెనక్కెళ్ళు," అంది కృపావతి రెప్ప ఎత్తకుండా. "ఆ వెనక బల్లమీద రేగిపళ్ళు తినేవాళ్ళు, గింజలు కింద ఉయ్యకండి. గుమ్మంలో ఎవరండీ? బూట్లతో వచ్చేరు, మా పిల్లల నాన్నలెవరూ బూట్లు వెయ్యరు."

అధికారిగారికి నవ్వాగలేదు. అయినా ప్రభుత్వం పని ప్రభుత్వం పనే. గోడకి అక్షరాల కాగితం తగిలించి చదవమన్నారు. కృపావతి అన్నీ చదివింది. మరి కళ్ళు మూసుకోవడమేమిటంటే మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. ఆయన తెల్లకాగితం ముందుకి తోశారు.

"చూడండమ్మా, చూపు బానే ఉంది. 'నాకు కళ్ళ బాధేమీ లేదు' అని ఒక్క ముక్క రాసిచ్చెయ్యండి. ఫైలు మూసేస్తాను. బాధుందని రాస్తే మెడికల్ బోర్డుకి పంపాలి, వాళ్ళేమంటారో నా చేతిలో ఉండదు."

మంచిమనసుతోనే అన్నారాయన. ఒక్క ముక్క! కృపావతి పెన్ను తీసింది. 'నాకు కళ్ళ' దాకా రాసి ఆగిపోయింది.

"చూపు బాగుందని రాస్తానండి. బాధ లేదని మాత్రం రాయలేనండి."

"అదేంటమ్మా, మీ మంచికే కదా?"

"ఆయ్, తెలుసండి. కానీ ఈ కళ్ళతోటే నాలుగేళ్ళుగా రోజూ గోదారి దాటి వచ్చేనండి. పుస్తకాలు నోటికి పట్టేనండి. ఒక్క పాఠం వదల్లేదండి. బాధే లేదని రాసిస్తే, మరి ఇన్నాళ్ళూ నేను చేసిందేంటండి?"

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ఆ సగం వాక్యం వంక చూశారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఇప్పుడు కూడా నొప్పిగా ఉందామ్మా?"

అలా అడిగిన బయటి మనిషి ఆయనొక్కరే. కృపావతికి గుండె నిండిపోయింది.

"ఆయ్, ఉందండి."

తను అనుకున్నట్టే రాసిచ్చింది. 'నాకు కళ్ళ బాధ ఉన్నది. చూపు బాగున్నది. పాఠం ఆగలేదు.' ఆయన ఆ కాగితం కిందే తన చేత్తో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి, చదువుకొమ్మని ఆవిడ చేతికిచ్చారు.

'టీచరు చెప్పినదంతా నిజం. పాఠం స్వయంగా విన్నాను, మెడికల్ బోర్డు అవసరం లేదు, ఈమెను ఈ బడి నుంచి కదిలించరాదు.'

కళ్ళు భగభగ మండుతుంటే కృపావతి ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కావడానికి, రెండోసారి ఒట్టి సంతోషం కొద్దీ.