సాక్ష్యం చెప్పిన తర్వాత

ప్రమీల టీచర్ క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. బొమ్మనహళ్ళిలో ఆమె పనిచేసే చిన్న బడికి తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ మాట్లాడే పిల్లలందరూ వచ్చేవాళ్ళు. ఆమె కళ్ళెత్తి చూస్తే చాలు, అన్ని భాషలూ ఒకేసారి నోరు మూసుకునేవి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈమె రచ్చ గెలిచి ఇంట్లో ఓడింది. ఓడించింది ఆమె ఒక్కగానొక్క కూతురు ఎవాంజెలిన్.

ఆ పిల్లకు ఐదో ఏట మోకాళ్ళు వాచాయి. ఎక్కడో పడిందనుకుని తైలం రాశారు. తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్ రాజగోపాల్ కీళ్ళవాతం అన్నాడు. ముసలివాళ్ళ జబ్బు పసిపిల్లకేమిటని ప్రమీల వాదించింది. పిల్లలకూ వస్తుందని, తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తుందని, మాత్రలు మాత్రం ఆపొద్దని ఆయన ఓపిగ్గా చెప్పి పంపాడు.

మాత్రలు వేశారు. వాళ్ళూ నేనూ వెళ్ళే తెలుగు చర్చి సంఘం ఉపవాస ప్రార్థన చేసింది. 1999 క్రిస్మస్ నాటికి వాపు తీసింది. ఆ ఆదివారం ప్రమీల మైకు ముందు నిలబడి, ప్రభువు నా బిడ్డను ముట్టి స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. పిల్లను అందరి ముందూ అటూ ఇటూ నడిపించి చూపించింది. చర్చంతా చప్పట్లు కొట్టింది. సాక్ష్యం చెప్పాక ఇంకా మాత్ర వేస్తే దేవుణ్ణి నమ్మనట్టేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది. మాత్రలు ఆగిపోయాయి. భర్త ఐజాక్ ఒకసారి అడిగి, జవాబు విని ఊరుకున్నాడు. ఆ ఇంట్లో ఊరుకోవడమే ఆయన ఉద్యోగం.

కొన్ని నెలలకు పిల్ల మారిపోయింది. తల్లి పనిచేసే బడిలోనే రెండో తరగతి. కూర్చోమంటే లేస్తుంది, పక్కపిల్లను గిల్లుతుంది, ఎక్కం సగంలో వదిలేసి కిటికీలోంచి చూస్తుంది. రాత్రి నిద్రపోదు, పొద్దున లేపితే కొరుకుతుంది. దీపం కిందే చీకటని తోటి టీచర్లు నవ్వుకున్నారు. ప్రమీలకు తల కొట్టేసినట్టయింది.

వాళ్ళింట్లో సాయంత్రం ప్రార్థన మోకాళ్ళ మీదే. అల్లరి చేసిన రోజు అందరూ లేచినా ఎవాంజెలిన్ లేవకూడదు, మంచి బుద్ధి ఇమ్మని దేవుణ్ణి అడుగుతూ ఉండాలి. పిల్ల ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ మెలికలు తిరిగేది. కదిలితే ఇంకాసేపు. పొద్దున గోడ పట్టుకుని నడిస్తే బద్ధకమంది ఆ తల్లి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక పిల్ల నిజంగానే లేవలేకపోయింది. నాటకమనుకుని ప్రమీల చెయ్యి పట్టి లాగింది. గౌను పక్కకు జరిగింది. ఎడమ మోకాలు ఉబ్బి నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే జ్వరం వచ్చిన నుదురులా కాలుతోంది.

మళ్ళీ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే రాజగోపాల్ కోప్పడలేదు. లోపల అంత వాపు పెట్టుకుని, రాత్రి నిద్ర లేని పిల్లకు ధ్యాస ఎక్కడ నిలుస్తుందమ్మా, అల్లరనుకున్నారా అని మాత్రం అడిగాడు. తర్వాత పిల్ల వైపు తిరిగి, నొప్పని ఎందుకు చెప్పలేదన్నాడు. ఎవాంజెలిన్ తల్లి ముఖం చూసి, చిన్నగా చెప్పింది.

"బాగైపోయిందని అమ్మ చర్చిలో చెప్పింది కదా సార్. నొస్తాదంటే అమ్మ అబద్ధం చెప్పినట్లయితాది."

ప్రమీల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని ఐజాక్ తర్వాత నాతో అన్నాడు.

ఆ ఆదివారం ఆమె మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళింది. నా బిడ్డకు తగ్గలేదు, నేనే తొందరపడి మాత్రలు ఆపేశానని చెప్పి దిగిపోయింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు, అందరం మోకరించాం. ప్రమీల మాత్రం కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. నేను వాళ్ళ వెనకే ఉన్నాను.

"అందరూ చూస్తా ఉండారమ్మా," అంది పిల్ల.

"చూడనీలే."

పిల్ల తల్లి దగ్గరికి ఇంకాస్త జరిగింది.

"అయితే నొస్తాదని ఇప్పుడు చెప్పొచ్చా?"

ప్రమీల తలూపింది. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, వాపు కూడా తీసింది. కానీ ఆ ఎడమకాలిని పిల్ల ఆ తర్వాత ఎన్నడూ పూర్తిగా చాచలేకపోయింది.