స్టూలు దిగిన కోతి

నాటకంలో చిన్న వేషమంటే లోకానికి అలుసు. ఆ అలుసు మీద నాకు చిన్ననాటి నుంచీ కోపం. మా పక్క ఊళ్ళలో భారతం ఆడేటప్పుడు రాజులు పద్యం మీద పద్యం అందుకుంటుంటే, జనం లేచిపోకుండా కూర్చోబెట్టింది హాస్యగాడే. దండలు మాత్రం రాజుల మెడలోనే పడేవి. నాది బళ్ళో నేర్చిన చదువు కాదు, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్నది. ఈ సంగతి మాత్రం ఏ కాగితంలోనూ చదవలేదు, కళ్ళతో చూశాను.

అందుకే మా మనవరాలికి బడి నాటకంలో కోతి వేషం వచ్చిందంటే మదనపల్లెలో మా వీధికంతా చెప్పుకున్నాను. నాటకమంతా పాటలే. అడవి ఎండిపోతే ఏనుగుల రాజు జంతువులను వెంటబెట్టుకుని నీళ్ళు వెతుక్కుంటూ పోతాడు. కోతికి మాటల్లేవు. పాటకూ పాటకూ మధ్య పిల్లిమొగ్గలు వేయాలి, జింక తోక లాగాలి, ఎలుగుబంటి వీపు మీద నుంచి దూకాలి. దానికోసం ఆ పిల్ల మిద్దె మీద టమోటా క్రేట్లు బోర్లించి, దూకి, పడి, మోకాళ్ళు దోక్కుని నేర్చుకుంది.

బడివాళ్ళు దాన్ని మూడు ఊళ్ళలో ఆడించాలనుకున్నారు. పుంగనూరులో మొదటి ఆట. ఒక మొగ్గలో కాలు జారి తాబేలు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, తాబేలు వీపుకు కట్టిన వెదురు గంప ఫట్టుమని విరిగింది. జనం నవ్వారు. నాటకం నేర్పిన పాటల సారు నవ్వలేదు. కుప్పం ఆటలో కోతి స్టూలు మీద కూర్చుని చప్పట్లు కొడితే చాలన్నాడు.

నేను వెళ్ళి అడిగాను. "యాల సార్, కోతిని కూసోబెడతాండారు?"

"పడితే ఎవురు జవాబు చెప్పేది పెద్దాయనా? సైడు వేషమే గదా. అది ఎగరకపోతే కథేం ఆగిపోదు."

"కథ ఆగదు సార్. జనం ఆగరు."

ఆయన వినలేదు. మనవరాలు తోకను మూలన పడేసింది. "కూసునేదానికి నేనెందుకు తాతా, బొమ్మను పెట్టుకోమను," అంది. బతిమాలి కుప్పం బస్సు ఎక్కించి, నేనూ ఎక్కాను.

కుప్పంలో సాయంత్రం ఆట. రామకుప్పం వైపు రైతులు చాలామంది వచ్చారు. ఏనుగుల రాజు వచ్చే ఘట్టానికి సారు కొత్త ఏర్పాటు చేశాడు. నిజమైన ఏనుగు అరుపు స్పీకర్లలో వినిపించాలి, ఆ స్పీకర్లు జనం వెనక ఉండాలి. అడవి పక్కన ఏనుగులు పడకుండా రాగి చేలకు కావలి కాసే మనుషుల వీపు వెనక ఏనుగు అరిస్తే ఏమవుతుందో ఆయనకు తోచలేదు.

అరుపు వినపడగానే వరసలకు వరసలు లేచాయి. ఆలోచన కాదు, అలవాటు. కుర్చీలు దబదబ బాదారు. సెల్‌ఫోన్ల లైట్లు వెనక్కి తిప్పి "హోయ్, హోయ్" అని కేకలు. ఒకాయన "పిలకాయల్ని స్టేజీ పక్కకు తోలండప్పా," అని అజమాయిషీ మొదలుపెట్టాడు. ఏనుగుల రాజు వేషం కట్టిన పొడుగు పిల్ల, ఆ తరుముడు తనకేననుకుని, తొండం చంకలో పెట్టుకుని లోపలికి పరుగు తీసింది. పాట ఆగింది. సారు ఆగదన్న కథా ఆగింది.

కోతి స్టూలు దిగింది. సారు వైపు చూసింది. ఆయన తల పట్టుకుని ఉన్నాడు. ఇక చూడలేదు. స్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకు మొగ్గ మీద మొగ్గ వేసుకుంటూ పోయింది. అంచున నిలబడి నుదుట చెయ్యి పెట్టి ఏనుగు కోసం వెతికింది. స్పీకరును వేలితో చూపి, చేతులు చాటల్లా చెవుల దగ్గర ఊపి, పొట్ట పట్టుకుని దొర్లింది.

ముందు ఒక ముసలమ్మ నవ్వింది. "పెట్టెలో ఉండాదే ఏనుగ."

నవ్వు వెనక వరసలకు పాకింది. అజమాయిషీ చేసినాయనే అందరికంటే ముందు కూర్చున్నాడు. "కూసోండప్పా, కోతికి తెలిసినంత మనకు తెలీలే."

కోతి లోపలికి పోయి ఏనుగుల రాజును తొండం పట్టి లాక్కొచ్చింది. పాట మళ్ళీ ఎత్తుకున్నారు. కోతి మళ్ళీ స్టూలెక్కలేదు, ఎవరూ ఎక్కమనలేదు.

మరునాటి పొద్దున తిరుగు బస్సులో సారు నా పక్కన కూర్చున్నాడు. పలమనేరు దాటాక, "మదనపల్లె ఆటకు కింద పరుపులు ఏపిస్తా పెద్దాయనా. పక్కన ఇద్దర్ని నిలబెడతా. ఎగరనీ," అన్నాడు.

ఈ పరుపులు ముందే వేయించి ఉండవచ్చు గదా అని నోటిదాకా వచ్చింది. వెనక సీట్లో మనవరాలు తోక మెడకు చుట్టుకుని నిద్రపోతోంది. మింగేశాను.

"స్టూలు యాడ సార్?"

"కుప్పంలోనే మర్సిపోయినాం."

"ఆడనే ఉండనీండి," అన్నాను.