అత్తగారి ఇనప మూకుడు

జగ్గమ్మకు తోడికోడలు సుభద్రమ్మ అంటే ఒళ్లుమంట. ఊరికే పుట్టిన మంట కాదు. ఇంట్లో దేవుడి మినపరొట్టె కాల్చే ఇనప మూకుడు పెద్దకోడలు జగ్గమ్మకేనని అత్తగారు పోయేముందు అందరి ఎదుటా చెప్పింది. జగ్గమ్మ మొగుడు పోగానే సుభద్రమ్మ ఆ మాట మింగేసి, మూకుడును తన అటకెక్కించుకుంది.

పొట్టకూటికి జగ్గమ్మ శ్రీకాకుళంలో ఆస్పత్రి దొరసాని బంగళాలో వంటకు కుదిరింది. కరువు సాయమని అమెరికా మొక్కజొన్న రవ్వ బస్తాలు దిగుతున్న రోజులవి. "దొరల గుడ్లూ సీజూ ముట్టిన ఆ కంపు సేతుల్తో నా పొయ్యి ముట్టుకోకు" అని సుభద్రమ్మ ఆమెను పంచలోకి నెట్టేసింది. ఏం మనిషండీ! సొంత తోడికోడలికి గుక్కెడు గంజి పొయ్యడానికి చెయ్యి రాలేదు.

ఒక ఆదివారం దొరసాని ఇంటికి చుట్టాలు దిగారు. రవ్వా చీజూ కలిపి కాల్చిన వంటకం చెయ్యమంది. తీరా చూస్తే బంగళాలో కాల్చే పెట్టె అడుగు తుప్పుపట్టి ఊడిపోయింది. జగ్గమ్మ ఇంటికి పరుగెత్తింది. సుభద్రమ్మ అరసవిల్లి గుడికి వెళ్లి ఉంది. మూకుడు అటక దిగింది.

రవ్వను పాలల్లో ఉడికించి, ఉప్పేసి, గుడ్లు గిలక్కొట్టి పోసి, చీజు తురిమి కలిపింది. పైన ఇంకాస్త చల్లి మూతపెట్టి, మినపరొట్టెకు పెట్టినట్టే కిందా మీదా నిప్పులు పేర్చింది. ఎర్రగా పొంగింది. చుట్టాలు మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు.

అడుగంటిన చీజు బూడిదతో తోమితే పోయేదే. జగ్గమ్మ తోమలేదు. అలాగే తెచ్చి నట్టింట పెట్టింది.

సుభద్రమ్మ గుడినుంచి వస్తూనే ముక్కు మూసుకుంది. "ఏటప్పా ఈ కుళ్లు కంపు? ఆదోరం పూట దేవుడి మూకుట్లో గుడ్డేసినావా!" వీధి వీధంతా పోగయ్యేలా అరిచి, కర్రతో మూకుడును బయటికి నెట్టింది. "నువ్వే ఏలుకో! దాన్ని మళ్లీ నా ఇంట్లోకి రానిస్తే అరసవిల్లి సామి మీద ఒట్టు!"

ఎదురింటి గురమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అదేటే సుభద్రా, ఇనుం కదా! నిప్పుల్లో కాలిస్తే మైల పోతాది. మీ అత్త సెప్పలేదేటి?"

సుభద్రమ్మ మొహం మాడిపోయింది. వేసిన ఒట్టు వెనక్కి రాదు. అప్పటికే జగ్గమ్మ మూకుడును తీసుకుని పంచలో పొయ్యి రాజేస్తోంది.

"సెప్పినాది, గురమ్మొదినా," అంది తల తిప్పకుండా. "నాకు సెప్పినాది."